పడుకున్న దుర్యోధనుడి ముఖం

ఎర్రగుంటపల్లె (శాంతిపురం దగ్గర),
6-5-1998

కాంతత్తకు,

మునీశ్వరి రాస్తున్నాను. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగితే "ఉండాల్సిన చోటే ఉన్నాయి" అంటావు కాబట్టి అడగను. ఇక్కడ ఎండలకు ఆవులు కూడా పాలు తగ్గించేశాయి. అమ్మ నీకోసం మామిడికాయ ఊరగాయ పెట్టింది. బస్సు కండక్టరు కుప్పుస్వామి మదనపల్లెకు వచ్చినప్పుడు తెచ్చిస్తాడు. పోస్టును నమ్ముకోకుండా ఇకమీదట ఉత్తరాలు కూడా ఆయన చేతికే ఇద్దాం.

నాయన కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. శివరాత్రికి పడిపోయిన చెయ్యి ఉగాదికి లేస్తుందన్నాడు డాక్టరు. ఉగాది వచ్చింది, పోయింది. ఎడమచేత్తో తింటున్నాడు. ఎవరైనా వస్తే కంచం పక్కకు తోసేస్తాడు.

అసలు సంగతికి వస్తాను. రేపు ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం ఉత్సవానికి జెండా ఎక్కుతుంది. పద్దెనిమిదో రోజు, అంటే ఇరవైనాలుగున, దుర్యోధన వధ. మట్టి దుర్యోధనుడి ఒళ్ళు ఊరంతా కలిసి పోసినా ముఖం మాత్రం మన ఇంటి చెయ్యే పెట్టాలి కదా. నిన్న గుడి పెద్ద మునిరత్నం అందరి ముందూ నాయన్ను అడిగాడు.

"మల్లప్పా, ఈ తూరి మొగం ఎవురు పెడతారు? మా బామ్మర్ది కొడుకు కుప్పంలో బోర్డులు రాస్తా ఉండాడు. పిలిపించేదా?"

నాయన నోరు ఇంకా వంకరగానే ఉంది. అయినా ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పాడు. "నా కూతురుండాది గదా."

మునిరత్నం కాసేపు నన్నూ నాయన్నూ మార్చి మార్చి చూశాడు. "సరే, ఈ ఒక్క ఏడూ సూద్దాం. సరిగ్గా రాకపోతే ఇంక ఆ పని మీ ఇంటికి లేదు" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. నాయన ఏటా పెట్టే ముఖం నాకు కంఠతా వచ్చు. గుండ్రటి కళ్ళు, కొడవలి మీసం, పళ్ళు బయటికి. అదే పెడితే ఎవరూ ఏమీ అనరు. కానీ నీ ఇంట్లో ఉండి చదువుకున్న నాలుగేళ్ళూ నువ్వు నా బొమ్మల మీద ఎర్ర పెన్సిలుతో రాసిన మాట ఒకటే: "లోపల మనిషి లేని ముఖం కుండ." కుండ చెయ్యడం నాకిష్టం లేదు.

ఒక ముఖం దొరికింది. రోజూ పొద్దున్నే పాల సెంటర్ దగ్గర చూస్తున్నాను. ఎవరో చెప్పను, నవ్వుతావు. చెవులే ఎంతకూ రావడం లేదు.

నువ్వు ఈసారైనా భారతానికి రాకూడదా? ఎందుకు రావో అమ్మ చెప్పింది. చెప్పిందని నాయనతో అనొద్దు.

నీ మునీశ్వరి


మదనపల్లె,
8-5-1998

మునీ,

ఆశీస్సులు. ఊరగాయ అందింది. మీ అమ్మ ఉప్పు చెయ్యి ఏమీ మారలేదు. అన్నను ఎవరున్నా ఎడమచేత్తోనే తినమను. ఆ చేత్తో ఊరికి ముప్పై ఏళ్ళు ముఖం పెట్టలేదు కాబట్టి దానికి సిగ్గెందుకు అని నేనన్నానని చెప్పు.

మీ అమ్మ ఎంత చెప్పిందో నాకు తెలియదు. ఉన్నది ఇంతే. ఇరవై ఏళ్ళప్పుడు మా నాయన్ను అడిగాను. ముఖం కూడా కాదు, చెవులు మాత్రం చేస్తానన్నాను. "ఆడదాని చెయ్యి పడితే వాడు వీరుడెట్లవుతాడుమ్మే?" అన్నాడాయన, అందరూ నవ్వేట్టు. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. డ్రాయింగ్ టీచరునయ్యాను, ఎందరి చెవులో గీశాను, ఆ దుర్యోధనుడి దగ్గరికి మాత్రం రాలేదు. ఇప్పుడూ రాను. నా బదులు నువ్వు వెళ్తున్నావు కదా, అది చాలు.

ఇక పని మాట. నువ్వు చేసేది గోడకు తగిలించే బొమ్మ కాదు. వాడు వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూస్తుంటాడు, జనం చుట్టూ తిరిగి చూస్తారు. కాళ్ళ వైపు నుంచి చూసేవాడికి ముక్కు రంధ్రాలే కనిపిస్తాయి. తల వైపు నిలబడితే ముఖం తలకిందులు. మధ్యాహ్నం ఎండకు కళ్ళ గుంటలు ఒక రకం, సాయంత్రానికి ఇంకో రకం. మట్టి ముట్టుకునే ముందు వాడి చుట్టూ నాలుగు పక్కలా నడువు. మీసం చివర్లో పెట్టు. ముందే పెడితే మీసాన్నే నమ్ముకుంటావు.

అన్న దుర్యోధనుణ్ణి చెడ్డవాడిగా చేస్తాడు. నువ్వు మనిషిగా చెయ్యి. కళ అంటే ఏమిటని స్కూల్లో పిల్లలు అడుగుతుంటారు. పుస్తకంలో ఉన్న జవాబు బోర్డు మీద రాస్తాను. నా దగ్గర ఉన్న కొలత వేరు: పని మీద పోతున్నవాడు దాని ముందు ఆగి, ఎందుకాగాడో తనకే తెలియకపోతే అది కళ. నీ దుర్యోధనుడి ముందు ఊరు ఆగాలి.

ఒక్కటి అడుగుతాను, తిన్నగా చెప్పు. పాల సెంటర్ దగ్గర ఎవరి ముఖం? నవ్వుతానన్నావు. ఇరవైరెండేళ్ళ పిల్ల రోజూ పొద్దున్నే ఒక ముఖం కోసం ఎదురుచూస్తుంటే నాకు నవ్వు రాదు, భయం వేస్తుంది.

కాంతత్త


ఎర్రగుంటపల్లె,
17-5-1998

అత్తా,

గొడవైపోయింది. కుప్పుస్వామి బస్సు ఆపుకుని నిలబడ్డాడు, తొందరగా రాస్తున్నాను.

నిన్న ముఖం పూర్తిచేశాను. పుట్టమన్ను జల్లించి, పేడ కలిపి, నువ్వు చెప్పినట్టే నాలుగు పక్కలా తిరుగుతూ చేశాను. కళ్ళ గుడ్లు పెట్టలేదు, అవి మన ఆచారం ప్రకారం వధ రోజు పొద్దున్నే కదా. సాయంత్రం హరికథకు వచ్చిన జనమంతా ఇటు వచ్చారు. ఊరు ఆగాలన్నావు. ఆగింది.

వెనక నుంచి ఎవరో "మహేషు గదా ఇది" అన్నారు.

నీకు గుర్తుందో లేదో, మహేష్ మునిరత్నం కొడుకు. గ్రానైట్ లారీ తోలుతూ రెండేళ్ళ కిందట పలమనేరు దాటాక బోల్తాపడి చచ్చిపోయాడు. ఆ మాట విన్నాక నేనూ చూశాను. నిజమే అత్తా. ఆ దవడ, ఆ పెదవి బిగింపు, ఆ నుదురు. కాదనడానికి లేదు.

మునిరత్నం వచ్చి చూసి ముఖం తిప్పుకున్నాడు. "గీకేయండి దాన్ని. రేపు పొద్దునకి ఉండకూడదు" అని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళగానే భార్య చిన్నక్క వచ్చింది. బొమ్మ తల దగ్గర కూర్చుని, దాని ముఖానికి పడమటెండ తగలకుండా కొంగు పట్టింది. ఈ పొద్దు కూడా వచ్చి కూర్చుంది. "దీన్ని ఎవురూ ముట్టుకోకూడదు. భీముడూ ముట్టుకోకూడదు" అంటోంది. కొడుకు పోయినప్పుడు కంటనీరు పెట్టని మనిషి, ఈ రెండేళ్ళలో ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి.

భర్త గీకేయమంటాడు, భార్య ముట్టుకోవద్దంటుంది. తొడ విరగ్గొట్టి, బొమ్మను చెదరగొట్టి, ఆ మట్టి ఇంటింటికీ పోయి గింజల్లో పడకపోతే ఈ ఏడు వాన రాదంటున్నారు మిగతావాళ్ళు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను ఎవరిని చూసి చేశానో నోరు తెరిచి చెప్పలేను. చెబితే ఆ మనిషికి అవమానం. నీకు కూడా కాగితం మీద రాయలేను, ఈ ఉత్తరాలు ఎన్ని చేతులు మారతాయో.

ఏం చెయ్యను?

మునీశ్వరి


మదనపల్లె,
18-5-1998

మునీ,

నీ ఉత్తరం అందగానే రాస్తున్నాను.

పాల సెంటర్ మునిరత్నం ఇంటి వసారాలోనే కదా ఉన్నది. ఆ గోడకు మహేష్ ఫోటో, దానికి గంధపు దండ. శివరాత్రికి మీ నాయన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నేనూ చూశాను. "రోజూ పొద్దున్నే చూస్తాను, ఎవరో చెప్పను" అని నువ్వు రాసినప్పుడే నాకు వెలగాల్సింది. పిచ్చిదాన్ని, బతికున్నవాళ్ళ గురించి భయపడ్డాను.

నిన్ను తప్పు పట్టడం లేదు. మీ ఇద్దరి మధ్యా ఏముండేదో నేనడగను. పోయినవాణ్ణి మనసులో పెట్టుకుని మట్టిలో బయటికి తీశావు. కళ ఎక్కువసార్లు అక్కడి నుంచే వస్తుంది, అది నాకు తెలుసు. కానీ మునీ, వాడు దుర్యోధనుడు. వాణ్ణి ఊరి ఆడవాళ్ళు చీపుర్లతో కొడతారు. ఆ తండ్రి ఎలా తట్టుకుంటాడు? రేపు నీ పేరు ఊరు ఎలా పలుకుతుంది?

గీకేయ్. మట్టే కదా. అన్న పెట్టే ముఖమే పెట్టు, కొడవలి మీసంతో. నేను చెప్పిందంతా మరచిపో. బొమ్మ కంటే నీ బతుకు నాకు ముఖ్యం.

నువ్వు భయంతో నోరు విప్పలేవని నేనే మునిరత్నానికి విడిగా ఒక ఉత్తరం రాసి కుప్పుస్వామికిచ్చాను. పిల్ల అభిమానం కొద్దీ మీ అబ్బాయి ముఖం పెట్టింది గానీ అవమానించాలని కాదు, గీకేస్తుంది, పెద్దమనసు చేసుకోండి అని మెత్తగానే రాశాను. చిన్నప్పుడు ఒకే బడిలో చదివాం, నా మాట కొట్టేయడు.

కాంతత్త


ఎర్రగుంటపల్లె,
19-5-1998

అత్తకు,

మెత్తగా రాశావా? ఆయన ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని పాలు పోయడానికి వచ్చిన జనం మధ్య నుంచి నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. "నీ కూతురు నా కొడుకు మింద కన్నేసిందంట. సచ్చినోన్ని తెచ్చి చీపురు దెబ్బలకు పండబెట్టిందంట. మీ చెల్లెలే రాసింది, సదువుకో" అని నాయన ఒళ్ళోకి విసిరాడు. నాయన లేవబోయి పడిపోయాడు. గడప తగిలి కనుబొమ్మ చిట్లింది.

ఇప్పుడు ఊళ్ళో నేను మహేష్‌తో తిరిగిన చోట్లన్నీ చెప్పుకుంటున్నారు. నేను ఎన్నడూ పోని చోట్లు కూడా ఉన్నాయి. అమ్మ నాతో మాట్లాడడం లేదు.

నాకు చూడడం నేర్పింది నువ్వు. నన్ను మాత్రం చూడలేదు. చెప్పలేనని నేను రాసిన చోట నీకు తోచింది నువ్వు నింపుకున్నావు. నింపుకుని ఊరుకున్నావా, సంతకం పెట్టి పంపావు.

నేను చూసింది ఫోటోను కాదు. ఆ ఫోటో కింద నిలబడే చిన్నక్కను.

అవును, ఆడమనిషిని. దుర్యోధనుడి ముఖం కోసం మగవాళ్ళ ముఖాలన్నీ వెతికాను, ఎవరిలోనూ దొరకలేదు. ఆమెలో దొరికింది. బిడ్డ పోయిన తల్లిని చూసి దుర్యోధనుణ్ణి చేశానని ఆమెతో ఎలా చెప్పను? అదీ నేను నోరు మూసుకున్న కారణం. కొడుకు తల్లి పోలిక అని నాకు తట్టనే లేదు. అందరూ కొడుకును చూస్తున్నారు, ఆమె కూడా కొడుకునే చూస్తోంది.

ఇంకెవరికీ రాయొద్దు. నాకు కూడా రాయొద్దు.

మునీశ్వరి


మదనపల్లె,
20-5-1998

మునీ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకపోతే పొయ్యిలో వేసుకో.

నేను చేసింది తప్పు. దానికి ముందూ వెనకా కారణాలు చేర్చి పలచన చెయ్యను. మునిరత్నానికి మళ్ళీ రాసి దిద్దుదామని కాగితం తీశాను. ఆ కాగితం కూడా ఇంకో వాకిట్లో ఎవరి ఒళ్ళో పడుతుందోనని చించేశాను. అన్న కనుబొమ్మకు కుట్లు పడ్డాయా?

ఇంట్లో కూర్చోలేక పొద్దున పుంగనూరు వెళ్ళాను. మీ ఊళ్ళో భీముడి వేషం కట్టే చెంగయ్య ఇల్లు అక్కడే. రేపు వాళ్ళ వీధినాటకం మేళమంతా మీ ఊరికి బయల్దేరుతుంది. ఆయన వాకిట్లో గద ఎండబెట్టుకుంటున్నాడు. సంగతి చెప్పి, ఆ రోజు ఏం చేస్తావని అడిగాను.

"నేను ముప్పై ఏండ్లుగా కొడతాండానమ్మా. ఏ ఊర్లోనూ మొగం సూడను, తొడే సూస్తా. మొగం సూస్తే గద లేయదు" అన్నాడు.

నేను బొమ్మను చూడ్డమెలాగో ఇన్నేళ్ళు పాఠం చెప్పాను. చూడకుండా ఉండాల్సిన మనిషి కూడా ఆ ఆటలో ఒకడుంటాడని నాకు తోచలేదు. మనం గోడకు తగిలించేవాటి గురించే మాట్లాడుకున్నాం మునీ. ఇది పగలడానికి చేసే బొమ్మ. నిలిచిపోవాలని చేసేదాని కొలత దీనికి సరిపోదు. నీకు నేనిచ్చిన కొలత సగమే.

గీకమని ఇక చెప్పను. వద్దనీ చెప్పను, ఆ హక్కు పోగొట్టుకున్నాను. ఒక్కటి మాత్రం చెప్పాలనిపిస్తోంది. చిన్నక్క ముఖాన్ని ఆమెకు తెలియకుండా తీసుకున్నావు. అవమానమవుతుందని దాచావు గానీ, ఆమె అడగని దాన్ని నీ దగ్గర పెట్టుకుని కూర్చోవడం కూడా న్యాయం కాదు. ఆమెకు చెప్పు. తిడితే పడు.

కాంతత్త


మదనపల్లె,
22-5-1998

మునీ,

కుప్పుస్వామి నిన్నా ఇవాళా ఉత్త చేతులతో వచ్చాడు. ఉత్తరం లేదు గానీ కబుర్లున్నాయి. మునిరత్నం మనుషులకీ, బొమ్మను గీకొద్దంటున్న అవతలి వీధి కుర్రాళ్ళకీ గుడి దగ్గర తోపులాట జరిగిందట. కుప్పం నుంచి పోలీసు జీపు వచ్చి ఆగిందట. వధ జరగదని కొందరు, జరిగితే తలలు పగులుతాయని కొందరు. ఆయన ఇవన్నీ టికెట్లు చించుతూ చెబుతున్నాడు, నాకు బస్సు కింద పడ్డట్టుంది.

నన్ను క్షమించక్కర్లేదు. నువ్వు, అన్న, వదిన కుశలమని ఒక్క ముక్క రాయి.

అత్త


ఎర్రగుంటపల్లె,
25-5-1998

అత్తా,

కుశలమే. నాయనకు రెండు కుట్లు పడ్డాయి. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, కోపం లేకుండా చదువు. నాకూ కోపం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

ఇరవైమూడో తేదీ పొద్దున నాయన నన్ను పిలిచి "గీకేయ్‌మ్మే. మన మొగం కోసరం ఊర్లో తలకాయలు పగలకూడదు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కుమిలిపోయాడో నాకు తెలుసు. తాపీ తీసుకుని వెళ్ళాను. చిన్నక్క అక్కడే కూర్చునుంది. తాపీ చూసి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నేను జన్మలో మరచిపోను, ఇప్పటికీ కమిలి ఉంది.

నీ ఉత్తరం అప్పటికి చదివే ఉన్నాను. చెప్పేశాను.

"పెద్దమ్మా, ఇది మహేషన్న కాదు. నిన్ను సూసి చేసినా."

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. "నన్నా? నన్ను ఎందుకు సూసినావు? ఆడదాన్ని సూసి వానికి మొగం పెడతారా ఎవురన్నా?" అంది.

"ఆ పొద్దు పాల సెంటర్లో నీ పాలల్లో నీళ్ళుండాయని టెస్ట్ చేసేటాయన అనె గదా. నువ్వు ఒక్క మాటా అనలే. క్యాను ఆడనే కాలవలోకి కుమ్మరించి లోపలికి పోతివి. ఆ దవడ సూసినా. తొడ విరిగినాక కూడా తల వంచనోడు ఇట్లనే ఉంటాడనిపించె" అన్నాను. తిడుతుందనుకుని తల దించుకున్నాను.

ఆమె తన దవడ తడుముకుంది. తర్వాత అదే చేత్తో మట్టి దవడ తడిమింది. చాలాసేపు అలా ఇటూ అటూ తడుముతూనే ఉంది.

"వాడు నా పోలికే. పుట్టినప్పుడు అందరూ అదే అనిరి. నేనే మరిసిపోయినా" అంది. తర్వాత నా మణికట్టు వదిలేసి, "కండ్లు పెట్టు. గుడ్డోడ్ని కొట్టేదానికి ఎవురూ రారు. ఆయప్పతో నేను సెప్తా" అని లేచి ఇంటికి వెళ్ళిపోయింది. మునిరత్నంతో ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున సున్నం, మసి కలిపి కళ్ళు పెట్టాను. మునిరత్నం దూరంగా వేపచెట్టు కింద నిలబడి చూశాడు గానీ అడ్డం రాలేదు. ఆయన మనుషులు కర్రలు పట్టుకుని ఒక పక్క, అవతలి వీధివాళ్ళు ఇంకో పక్క. పోలీసులిద్దరు మధ్యలో. చెంగయ్య గద తిప్పుకుంటూ వచ్చాడు. నువ్వు రాసినట్టే ఆయన కళ్ళు తొడ మీద నుంచి కదల్లేదు. ఒక్క దెబ్బకు తొడలో పెట్టిన కుండ పగిలి ఎర్రనీళ్ళు చిమ్మాయి. ద్రౌపది వేషగాడు ఆ నీళ్ళతో జుట్టు తడుపుకుని ముడివేసుకున్నాడు. ఏటా అప్పటికి ఆడవాళ్ళు చీపుర్లు, చేటలు పట్టుకుని విరుచుకుపడతారు కదా. ఈసారి ఒక్కరూ కదల్లేదు. ఆ ముఖం అందరినీ చూస్తోంది. నేనే కట్టేశాను వాళ్ళ చేతులు. అంతకంటే పెద్ద మెప్పు నాకు జన్మలో రాదు, కానీ ఆ క్షణంలో నాకు పారిపోవాలనిపించింది. చీపురు పడకపోతే మట్టి కదలదు. మట్టి కదలకపోతే వధ జరగనట్టే.

అప్పుడు చిన్నక్క వచ్చింది. చేతిలో పాత చీపురు. మగవాళ్ళు దారి ఇచ్చారు. మొదటి దెబ్బ ఉత్తుత్తిగా వేసింది. రెండోది కొంచెం గట్టిగా. ఆ తర్వాత ఆమెను ఎవరూ ఆపలేకపోయారు.

"సెప్పకుండా పోతివి గదరా! కలిపిన అన్నం కంచంలో పెట్టి పోతివి గదరా! నేను వద్దంటే ఇంటివా? ఇంటివా?"

ముక్కు పోయింది, మీసం పోయింది, పెదవి పోయింది. చీపురు పుల్లలు రాలిపోయాక చేతులతో కొట్టింది. కొట్టి కొట్టి ఆ మట్టి మీదే పడి ఏడ్చింది. రెండేళ్ళ ఏడుపు అత్తా. ఊరంతా ఏడ్చింది. కర్రలు పట్టుకున్నవాళ్ళు కూడా. నేనూ ఏడ్చాను. నా చేతి పని ముక్కలైపోయిందన్న బాధ కూడా అందులో ఉంది, నీ దగ్గర దాచను.

తర్వాత మునిరత్నం వచ్చి భార్యను లేపాడు. భుజం మీది తువ్వాలు పరిచి దవడ దగ్గరి మట్టి అందులోకి తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మా నాయన దగ్గర ఆగి, ఆయన పడిపోయిన చెయ్యి పట్టుకుని "మల్లప్పా, వచ్చే ఏడు మట్టి మా చేలో పుట్ట నుంచి తవ్వించు" అన్నాడు. అంతే అన్నాడు. నాయన ఆ రాత్రి అందరి ముందూ ఎడమచేత్తో అన్నం తిన్నాడు.

ఆమె కొట్టింది ఎవరిని? తన ముఖాన్నని తెలిసి కూడా కొడుకు పేరుతోనే కొట్టింది. నేను చేసింది ఎవరిని? ఆ ఫోటో రోజూ ఆమె తల మీదే వేలాడుతుంటుంది. నా కంట్లో పడలేదని ఒట్టు పెట్టి చెప్పలేను. నువ్వు అనుకున్నదాంట్లో నాకు తెలియని నిజం రవ్వంత ఉందేమో. ఉన్నా సరే, నువ్వు ఆ ఉత్తరం రాసుండాల్సింది కాదు.

అందరూ మట్టి తీసుకున్నాక మిగిలినదాంట్లో ఎడమచెవి ముక్క దొరికింది. నీకు పంపుతున్నాను. బాగా రాలేదని నాకు తెలుసు.

నీ మునీ


మదనపల్లె,
28-5-1998

మునీ,

కుప్పుస్వామి చెవిని తన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని భద్రంగా తెచ్చాడు. కొంచెం చిత్రాన్నం వాసన వస్తోంది.

బల్ల మీద పెట్టుకుని నిన్నంతా చూశాను. నువ్వు చెప్పింది నిజమే, బాగా రాలేదు. తమ్మె మందమైంది, లోపలి మడత తప్పుగా తిరిగింది. ఎర్ర పెన్సిలు కోసం చెయ్యి దానంతటదే డ్రాయరులోకి వెళ్ళింది. మట్టి మీద ఎక్కడ రాయను? నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ వంకర మడత పక్కనే నీ బొటనవేలి గీతలున్నాయి. ఇరవై ఏళ్ళప్పుడు నేను అడిగిన చెవి ఇన్నాళ్ళకు నా ఇంటికొచ్చింది, నువ్వు చేసింది.

అద్దాల బీరువాలో పెట్టుకుందామనుకున్నాను. స్కూలు తెరిచాక పిల్లలకు చూపిద్దామని, కింద నీ పేరు రాద్దామని అట్ట కూడా కత్తిరించాను. అట్ట కత్తిరించాక కూర్చుండిపోయాను. చిన్నక్క ముక్కలు చేసిన దాంట్లోంచి ఒక ముక్కను నేను పగలకుండా దాచుకుంటే, మీ ఊరి వధ నా బీరువాలో ఇంకా మిగిలే ఉంటుంది కదా.

మీ ఊళ్ళో ఇంటింటా గింజల్లో కలుపుకున్నట్టే, ఈ పొద్దు దాన్ని చేత్తో నలిపి బియ్యం డబ్బాలో కలిపేశాను. ముందు గట్టిగా ఉంది, తర్వాత మెత్తగా పొడైపోయింది. ఇప్పుడు అన్నం వండుకుని తిన్నాను. పంటి కింద ఒక్క రేణువు తగిలింది.

నా ఒట్టు కూడా దాంతోపాటు నలిగిపోయింది. వచ్చే ఏడు జెండా ఎక్కేలోగా వస్తాను. నువ్వు ముఖం పెట్టు. చెవులు మాత్రం నాకు వదిలిపెట్టు.

కాంతత్త